తలుపులో చిల్లు

మా ట్రక్కు కుడి తలుపులో
కోడిగుడ్డు పట్టేంత చిల్లు.
వేగం ఎనభై దాటితే ఈల వేస్తుంది.
సస్కాచెవాన్ చలిలో దాని పక్కన కూర్చునేది నేనే,
నడుముకు ఉన్ని శాలువా బిగించుకుని.
యార్క్‌టన్ మెకానిక్కు ఒక్క పూటలో పూడ్చేస్తానన్నాడు.
వద్దన్నాను.

ఆ అక్టోబరు పొద్దున
బార్లీ కోసిన మోళ్ళ మీద మంచు, జల్లించిన పిండిలా.
ఉత్తరం నుంచి పెద్దబాతులు దిగుతున్నాయి.
ఆకాశమంతా సంత గోల.
ఓరెస్ట్ తుపాకిని సీటు మీద పడుకోబెట్టాడు,
పసిబిడ్డను పడుకోబెట్టినంత మెత్తగా,
గొట్టం నేను నిలబడ్డ తలుపు వైపు.
"రెండు నిమిషాలే" అంటూ
గేటు గొలుసు విప్పడానికి నడిచాడు.

లోపల తూటా ఉంది.
సేఫ్టీ వేశాడట.
వేసినట్టే గుర్తట.
ఆ రెండు "అట"ల మధ్య సందులో
నేను టీ పోసుకుంటున్నాను.

ఫ్లాస్కు మూత చెయ్యి జారింది.
దొర్లి దొర్లి ముందు చక్రం కిందికి పోయింది.
తిట్టుకుంటూ మోకాళ్ళ మీద వంగాను.

కాషాకు అప్పటికి పద్నాలుగు నెలలు.
కంగారూ, ప్రేమా, నాలుగు కాళ్ళూ:
అంతే ఆ కుక్క.
బాతుల అరుపు విని, కిటికీలో నేను కనబడక,
డ్రైవరు సీట్లోంచి ఇవతలికి
ఒక్క గెంతు.

చప్పుడు గురించి చెప్పను.
చప్పుడయ్యాక సంగతి చెబుతాను.
పొలం పొలమంతా రెక్కలై లేచింది.
నా వీపు మీద తలుపు రంగు పెచ్చులు.
చేతిలో మూత. దొరికింది మరి.
ఓరెస్ట్ గొలుసుతోనే పరిగెత్తుకొచ్చాడు.
నన్ను పేరు పెట్టి పిలవలేదు.
పిలిస్తే పలకనేమోనని, అందుకని,
ఏడాది తర్వాత పడుకునేటప్పుడు చెప్పాడు.

ఊళ్ళో కాఫీ బల్ల దగ్గర అదొక నవ్వులాట.
"డార్కా, నీ కుక్కకు గురి కుదర్లేదే!"
"లైసెన్సు ఉందా దానికి?"
నేనూ నవ్వాను, రెండుసార్లు.
మూడోసారి కప్పు సాసర్లో గలగలమంది.

తుపాకి పేలింది అంటాం,
వాన కురిసింది అన్నట్టు.
కుక్క కాల్చింది అంటాం.
వ్యాకరణానికి ఎంత జాలి!
వేలు పెట్టనివాడికి వాక్యంలో చోటే లేదు.
తూటా తియ్యనివాడి గురించి
క్రియాపదం ఒక్కటీ నోరు విప్పదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు.
మా చేతులు కాలలేదు.
అయినా ఆకులు పట్టుకునే ఉన్నాడు నా మొగుడు.
గేటు దగ్గర ఆగినా, ఉచ్చపోతకు ఆగినా
తుపాకి విప్పి, ఖాళీ చేసి, పెట్టెలో పెట్టి,
పెట్టెకు తాళం వేసి,
ఆ తర్వాతే కుక్కకు తలుపు తీస్తాడు.
బాతులు పోతే పోనీ.

కాషా మాత్రం ఆ చలికాలమంతా ట్రక్కు ఎక్కలేదు.
పెనం కిందపడితే చాలు, స్నానాల తొట్టి వెనక.
దానికేం తెలుసు, తప్పు తనది కాదని?
ఎవరు చెప్పాలి, ఏ భాషలో?

ఓరెస్ట్ ఒక భాష కనిపెట్టాడు.
బయలుదేరే ముందు నేల మీద గొంతుకూర్చుని
తుపాకి నడుము విరిచి తెరుస్తాడు.
ఖాళీ గొట్టంలో చిటికెన వేలు పెట్టి చూస్తాడు.
నా వేలూ పెట్టమంటాడు.
అప్పుడు దాని ముక్కు దగ్గరికి దించుతాడు,
"చూడవే తల్లీ, ఏం లేదు."
అది వాసన చూస్తుంది: నూనె, ఇనుము, మా ఇద్దరి వేళ్ళు.

గురి ఒకటే మాట, అర్థాలు రెండు.
మొదటిది అతనికి కుర్రతనం నుంచీ ఉంది.
రెండోది, డెబ్బైకి దగ్గరపడ్డాక,
కుక్క ముందు మోకరిల్లి అడుక్కుంటున్నాడు.

కొన్ని రోజులు ఎక్కుతుంది.
కొన్ని రోజులు ఆ చిల్లుకేసి చూసి
మట్టిలో అలాగే కూలబడుతుంది.
ఆ రోజు ట్రక్కు ఇంటి దగ్గరే.
ముగ్గురం నడిచిపోతాం,
తెరిచిన తుపాకి అతని మోచేతి మీద వేలాడుతూ,
కాషా మాకంటే పదడుగులు వెనక.